మూసీ వరదలో తలుపులు తెరిచిన మహబూబ్ అలీ పాషా

చరిత్రలో రాజులు చాలామంది. కోటలు కట్టినవారున్నారు, యుద్ధాలు గెల్చినవారున్నారు. వాళ్ళంతా పుస్తకాలలో ఉంటారు. జనం నోట మిగిలేవారు మాత్రం కొద్దిమందే. అటువంటి కొద్దిమందిలో ఒకరు ఆసఫ్‌జాహీ వంశంలో ఆరవ నిజాం, నవాబ్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ బహదూర్. ఆయన కన్నుమూసి వంద సంవత్సరాలు దాటినది. అయినా హైదరాబాదు పాతబస్తీలో పెద్దలు ఈనాటికీ మహబూబ్ అలీ పాషా అని ఆప్యాయంగా తలుచుకుంటారు. మహబూబ్ అంటే ప్రియమైనవాడు అని అర్థం. పేరు తల్లిదండ్రులు పెట్టినదే గాని, దాన్ని నిజం చేసినది ప్రజలు.

మన సొసైటీ సంచికలో ఆయన జీవితం ఎందుకు అని కొందరు సోదరులు అడగవచ్చు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులకు ఆయనతో ఏమి సంబంధం? సంబంధం ఉన్నది. అది మూసీ నది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా వచ్చి, మన సూర్యాపేట పక్కనుంచి పోయి, మిర్యాలగూడ దగ్గరి వాడపల్లిలో కృష్ణమ్మలో కలిసే నది అది. వాడపల్లిని వజీరాబాద్ అని మన పెద్దలు పిలిచేవారు. ఆ మూసీ ఒకనాడు ఉగ్రరూపం దాల్చినప్పుడు ఆకలితో రోడ్డున పడ్డ జనానికి అన్నం పెట్టిన సంగతే మేము ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచుకున్నాము. 2020లో కరోనా వచ్చి మన వీధులు మూతపడ్డ రోజులను చూసినవారికి ఆ సంగతి దూరంగా తోచదు.

బాల్యం

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టినారు. తండ్రి ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా. 1869 ఫిబ్రవరిలో తండ్రి మరణించేనాటికి బిడ్డ వయసు రెండున్నర ఏళ్ళు. నడక సరిగా రాని ఆ బాలుణ్ణే గద్దె మీద కూర్చోబెట్టినారు. రాజ్యం నడిపే భారం దివాన్ మొదటి సాలార్‌జంగ్ గారి మీద, అమీరే కబీర్ షంసుల్ ఉమ్రా గారి మీద పడినది. తండ్రి లేని బిడ్డ దర్బారు పెద్దల మధ్య, ఉస్తాదుల మధ్య పెరిగినాడు. ఉర్దూ, పార్సీ, అరబ్బీ, ఇంగ్లీషు చదువుకున్నాడు. తెలుగు కూడా మాట్లాడేవారని చెబుతారు. తర్వాతి కాలంలో ఆసఫ్ అనే కలం పేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పినారు. ఢిల్లీ నుండి వచ్చిన మహాకవి దాగ్ దెహ్లవీ ఆయనకు కవిత్వంలో ఉస్తాదు. ఆయన ఏలుబడిలోనే పార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయినది.

ఆ బాలుడికి పదేళ్ళు నిండేసరికి దక్కన్‌లో ఘోరమైన కరువు వచ్చినది. 1876 నుండి 1878 వరకు మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతాలతోపాటు నైజాం రాజ్యాన్ని కూడా పీడించిన కరువు అది. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ గారిని కలరా తీసుకుపోయినది. గత్తర అని మన ముసలివాళ్ళు పిలిచేది దాన్నే. ముందు రోజు వరకు రాజ్యమేలిన దివాన్ మర్నాడు లేడు. గత్తరకు గరీబు, అమీరు అన్న తేడా లేదని పదహారేళ్ళ నవాబుకు అప్పుడే తెలిసి ఉంటుంది. ఆ మరుసటి ఏడాది, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాదు వచ్చి ఆయనకు పూర్తి అధికారాలు అప్పగించినారు.

పరిపాలన, మంచి చెడ్డలు

పెద్దవారి జీవితాలు రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి చెడ్డ దాచిపెట్టడం మన పత్రికలకు అలవాటు. అది సరికాదని మా అభిప్రాయం. మహబూబ్ అలీ పాషా విలాసపురుషుడు. ఒకసారి తొడిగిన దుస్తులు మళ్ళీ తొడగరని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన బట్టలు పెట్టుకున్న రెండంతస్తుల బీరువాల వరుస ఇప్పటికీ మ్యూజియంగా ఉన్నది, చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. వేటంటే ప్రాణం, పులులను కొట్టినారు. 1891లో జేకబ్ అనే వర్తకుని దగ్గర లక్షల రూపాయలకు వజ్రం బేరం చేసి, కోర్టు వ్యవహారంలో చిక్కుకున్నారు. ఖజానాకు అప్పులు మిగిలినవి. ఇవన్నీ నిజాలే.

మంచి కూడా నిజమే. ఆయన కాలంలో రైలు మార్గం వరంగల్లు మీదుగా బెజవాడ వరకు సాగినది. 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడినది. 1907లో మహబూబియా బాలికల పాఠశాల మొదలైనది. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికే జంకే రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆపరేషన్‌లో మత్తు కోసం ఇచ్చే క్లోరోఫామ్ మీద 1888, 1889లలో హైదరాబాదులో జరిగిన పరిశోధనలకు ఆయన ఖజానా నుండే డబ్బు వెళ్ళినది. ఆ రోజుల్లో ప్రపంచంలోని డాక్టర్లంతా వాటి గురించి చర్చించుకున్నారు. పాలమూరు జిల్లాకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆయనదే.

జనంలో ఆయన గురించి కథలు కూడా ఎక్కువే. రాత్రిపూట మారువేషంలో మొహల్లాలు తిరిగేవారని చెప్పుకుంటారు. పాము కరిచినవారు ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని ఒక నమ్మకం ఉండేది. ఏ అర్ధరాత్రి వచ్చినా తనను నిద్ర లేపమని కావలివాళ్ళకు హుకుం ఇచ్చినారట. ఇప్పుడు పాము కరిస్తే ఆస్పత్రికే పోవాలి, ఆలస్యం చేయరాదు. పిల్లలకు మేము బడిలో చెప్పేది అదే. ఆ కథలో మాకు నచ్చినది విషం సంగతి కాదు. అర్ధరాత్రి కూడా ఆ ఇంటి తలుపు తట్టవచ్చునని సామాన్యునికి ధైర్యం ఉండడమే.

ఆయన ఏలుబడి చివరి ఇరవై ఏళ్ళు కష్టకాలం. 1896లో బొంబాయిలో బయటపడ్డ ప్లేగు తర్వాతి సంవత్సరాల్లో రాజ్యం పడమటి జిల్లాలకు పాకినది. 1899, 1900 సంవత్సరాల్లో మళ్ళీ కరువు. 1891 జనాభా లెక్కల్లో రాజ్యంలో కోటి 15 లక్షల మంది ఉంటే, 1901 నాటికి ఆ సంఖ్య కోటి 11 లక్షలకు పడిపోయినది. పదేళ్ళలో పెరగవలసిన జనం నాలుగు లక్షలు తగ్గినారంటే ఎన్ని పొయ్యిలు ఆరిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

మూసీ తుగ్యాని

1908 సెప్టెంబరు చివరి వారం. హిజ్రీ 1326, రంజాన్ నెల అప్పుడే మొదలైనది. రెండు రోజులుగా కుండపోత వాన. శంషాబాదులో 24 గంటల్లో 12 అంగుళాలకు మించి, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాలు కురిసినట్లు లెక్కలున్నవి. మూసీకి ఎగువన ఆ రోజుల్లో 788 చెరువులుండేవి. మన తెలంగాణ చెరువుల సంగతి మనకు తెల్సిందే, అవి గొలుసుకట్టు. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. ఆ రాత్రి 221 చెరువులు తెగినవి.

సెప్టెంబరు 28, సోమవారం. తెల్లవారకముందే మూసీ ఒడ్డు దాటి నగరంలోకి వచ్చినది. నది పక్కనున్న కోల్సావాడి వంటి మొహల్లాలు మట్టి గోడలతోసహా కొట్టుకుపోయినవి. వంతెనలు తెగినవి. పాతకాలపు పురానాపూల్ మాత్రం దెబ్బలు తిని కూడా నిలబడినది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని నీరు ముంచెత్తినది. ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు మీదికెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ప్రాంగణంలో ఆ చింతచెట్టును నేటికీ చూడవచ్చు. చనిపోయినవారు పదిహేను వేలమంది అని సాధారణంగా చెప్పే లెక్క. ఇళ్ళు పోయినవారు అంతకు ఎన్నో రెట్లు.

ఉర్దూ చదివే ఇళ్ళలో అందరికీ తెలిసిన రుబాయీల కవి హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నారు. కుటుంబంలో ఆయన ఒక్కరే మిగిలినారు. ఆ దుఃఖంతో ఆయన ఖయామతే సుగ్రా అనే కవిత రాసినారు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం. ఆయన 1961 వరకు బ్రతికినారు గాని, ఆ రోజు ఆయనను వదిలిపెట్టలేదు.

తెరుచుకున్న తలుపులు

నీరు దిగిపోయింతర్వాత మొదలైనది అసలు కష్టం. మునిగిపోయిన వాళ్ళకు ఇక ఏమీ అక్కరలేదు. బ్రతికి బయటపడ్డ వాళ్ళకు తినడానికి గింజ లేదు, ఆరబెట్టుకోవడానికి బట్ట లేదు, వండడానికి పొయ్యి లేదు. ధాన్యం కొట్లు తడిసి కుళ్ళినవి. బావుల్లోకి మురికినీరు చేరినది. శవాలు తీయడానికి మనుషులు చాలరు. ఇటువంటి సమయంలోనే గత్తర పుడుతుంది.

మహబూబ్ అలీ పాషా అప్పుడు తన మహళ్ళ తలుపులు తెరిపించినారు. మామూలు రోజుల్లో జనం గేటు దాటడానికి వీలులేని ఆవరణల్లోకి బురద కాళ్ళతో, తడి బట్టలతో కుటుంబాలు వచ్చి కూర్చున్నవి. నగరంలో పలుచోట్ల వంటశాలలు పెట్టించినారు. డేగిషాలు పొయ్యెక్కినవి. దివాన్ మహారాజా కిషన్ పర్షాద్ గారు, జాగీర్దార్లు, సాహుకార్లు తలా ఒక చెయ్యి వేసినారు. బట్టలు పంచినారు. సరోజినీ నాయుడు గారు కూడా ఆ సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. ఆ సేవకు సర్కారు ఇచ్చిన కైసరే హింద్ పతకాన్ని తర్వాత జలియన్‌వాలాబాగ్ దురంతానికి నిరసనగా ఆమె తిరిగి ఇచ్చివేసినారు.

పాషా మూసీ ఒడ్డుకు వచ్చి, పురోహితులు చెప్పినట్లు నదికి చీర సారె సమర్పించి, శాంతించమని వేడుకున్నారని జనం చెప్పుకుంటారు. ఆ కథ నేటికీ హిందువుల ఇళ్ళలోను, ముస్లిముల ఇళ్ళలోను వినిపిస్తుంది. దాని మీద వాదనలు ఎవరికి తోచినట్లు వారు చేసుకోవచ్చు. మాకు అర్థమైనది ఒకటే. కష్టంలో ఉన్న ప్రజ తనదే అని ఆయన అనుకున్నాడని జనం నమ్మినారు. నమ్మకపోతే అటువంటి కథ పుట్టదు.

ఇక్కడ మన సభ్యులు ఒక సంగతి గమనించాలి. అది రంజాన్ నెల. ముస్లిములు ఉపవాసాలుండి, సాయంత్రం ఇఫ్తార్‌కు ఇంట్లో ఉన్నదేదో ముందు పెట్టుకునే నెల. ఆ సంవత్సరం ఎందరికో ఇల్లే లేదు. వరద మొహల్లా చూసి రాలేదు, మతం చూసి రాలేదు. తిండి పెట్టినప్పుడు కూడా అట్లాగే చూడకుండా పెట్టినారు. ఆకలికి దరఖాస్తు రాయించుకోలేదు. దక్కన్‌లో ఆయన పేరు నిలబడడానికి వజ్రాలు కారణం కాదు, బట్టల బీరువాలు అసలే కాదు. ఆ నాలుగు రోజుల అన్నమే కారణం.

అన్నంతో ఆగిపోలేదు

అన్నం పెట్టడం ఒక ఎత్తు. మళ్ళీ ఆ గతి పట్టకుండా చూడడం మరొక ఎత్తు. మహబూబ్ అలీ పాషా ప్రభుత్వం మైసూరు ప్రాంతపు సుప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినది. 1909లో ఆయన వచ్చి, పైన వివరించిన చెరువుల లెక్కలన్నీ తీసి, వరద ఎందుకు వచ్చిందో శాస్త్రీయంగా తేల్చినారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చినారు.

ఆ కట్టలు చూసే అదృష్టం పాషాకు లేకపోయినది. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా మహల్‌లో ఆయన కన్నుమూసినారు. వయసు 45 ఏళ్ళు. మక్కా మసీదు ఆవరణలో తండ్రి తాతల పక్కన సమాధి చేసినారు. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే నగరానికి దశాబ్దాలపాటు తాగునీరు ఇచ్చినవి. దిగువన మన సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1963లో పూర్తయి, మన పొలాలకు నీళ్ళు ఇచ్చినది. జనాన్ని మింగిన నదే అన్నం పెట్టే నది అయినది. ఊరికే కాలేదు, మనుషులు ముందుచూపుతో పని చేస్తే అయినది.

మన మూడు ఊళ్ళు

ఇప్పుడు మన సంగతికి వద్దాము. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు హాస్టళ్ళు మూతపడి, ఆంధ్రకు పోదామని బయల్దేరిన వేలమంది కోదాడ దాటిన తర్వాత సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయినారు. అటు పోనివ్వరు, ఇటు రానివ్వరు. రోడ్డు మీద మంచినీళ్ళు కూడా కరువు. ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ ప్రాంతంలో కేసులు వరుసగా బయటపడి, వీధులకు కంచెలు కట్టినారు. రాష్ట్ర ప్రభుత్వం తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చినది. అది చాలామందిని నిలబెట్టినది. కార్డు లేనివాళ్ళ సంగతి ఏమిటి? పొట్టకూటికి వేరే రాష్ట్రం నుండి వచ్చి మిల్లుల్లో పనిచేసే కూలీల సంగతి ఏమిటి? ఏప్రిల్ 25న రంజాన్ మొదలైనది. మసీదుల్లో జమాతులు లేవు, దస్తర్ఖాన్లు లేవు. 1908 తర్వాత మన ప్రాంతానికి మళ్ళీ అటువంటి రంజాన్ వచ్చిందనిపించింది.

ఆ రోజుల్లో గుట్టుచప్పుడు కాకుండా పక్కింటికి బియ్యం పంపిన ఇళ్ళు మన మూడు ఊళ్ళలోనూ ఉన్నవి. అన్ని మతాలవారూ పెట్టినారు, అన్ని మతాలవారూ తిన్నారు. వాళ్ళ పేర్లు మేము రాయము, రాస్తే వాళ్ళే బాధపడతారు. కాని ఇంకొక రకం కూడా చూసినాము. సంచి చేతికిచ్చి ఫోటో తీయించుకునేవారిని. ఫోటోకు నిలబడలేక ఆ పూట పస్తు పడుకున్నవాళ్ళు ఉంటారు. ఆటో నడిపేవాడు, టైలరు, టెంటు సామాను మోసేవాడు, పెళ్ళిళ్ళలో వంట చేసేవాడు, ప్రైవేటు బడిలో పంతులు. నిన్నటిదాకా ఎవరి ముందూ చెయ్యి చాపని మనుషులు వీళ్ళు. వీళ్ళ ఆకలికి నోరు లేదు. పాషా మహల్‌లోకి వచ్చిన మనిషి ఫోటో ఎవరూ తీయలేదు.

గొలుసుకట్టు చెరువుల మాట మరొక్కసారి గుర్తు చేస్తాము. ఒక ఇల్లు తెగితే ఆ బరువు పక్కింటి మీద పడుతుంది. అప్పు ఇచ్చినవాడు మునుగుతాడు, కిరాణా కొట్టువాడు మునుగుతాడు, ఇంటి కిరాయి మీద బ్రతికే ముసలమ్మ మునుగుతుంది. మొదటి చెరువు కట్ట గట్టిగా ఉంటే కిందివన్నీ నిలబడతాయి. కాబట్టి ఆపద వచ్చింతర్వాత చందాలు వసూలు చేయడం కన్నా, రాకముందే కొంత సిద్ధం చేసుకోవడం మేలు.

దీనికి నవాబులు కానక్కర లేదు. మన దగ్గర ఉన్నదే చాలు. మొదట, ప్రతి మొహల్లాలో వితంతువులు, రోజుకూలీలు, కార్డు లేనివారు, మందుల మీద బ్రతికే వృద్ధులు ఎవరెవరో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకం ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల దగ్గరే ఉండాలి. అందులో మతం గడి అక్కరలేదు. రెండవది, పంట రోజుల్లో ధర తక్కువ ఉన్నప్పుడే కొంత బియ్యం కొని నిలవ పెట్టాలి. మిర్యాలగూడలో ఇన్ని రైస్ మిల్లులుండగా మన మూడు ఊళ్ళలో ఎవరూ ఆకలితో పడుకోరాదు. మూడవది, మన ఊళ్ళలో ఉన్న డేగిషాలు, షామియానాలు, ఫంక్షన్ హాళ్ళు, బోరుబావులు ఏవి ఎవరి దగ్గర ఉన్నవో ముందే మాట్లాడుకొని పెట్టుకోవాలి. పెళ్ళి వలీమాకు పనికొచ్చే డేగిషా ఆపదలో వీధికంతటికీ పనికొస్తుంది. నాల్గవది, ఇచ్చేటప్పుడు చీకటి పడింతర్వాత ఇవ్వాలి, గుమ్మం దగ్గర పెట్టి రావాలి.

మహబూబ్ అలీ పాషా దగ్గర ఖజానా ఉన్నది, మహళ్ళు ఉన్నవి. అయినా 1908కి ముందు ఎగువ చెరువుల కట్టలను కనిపెట్టి ఉండే ఏర్పాటు లేకపోయినది. ఆ లోపానికి వేలమంది ప్రాణాలు బలి అయినవి. ఆయన మంచితనం నుండి మనం తలుపు తెరవడం నేర్చుకోవాలి. ఆయన కాలపు లోపం నుండి కట్ట ముందే గట్టి చేసుకోవడం నేర్చుకోవాలి. రెండూ నేర్చుకుంటేనే ఆయన జీవితం చదివినందుకు ఫలితం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు సంగతుల మీద సభ్యులు ఆలోచించి, ఒక నిర్ణయానికి రాగలరని ఆశిస్తున్నాము. ఆడవారు కూడా తమ సలహాలు పంపవలెనని మనవి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో మొహల్లాలో ముందుగా తెలిసేది వారికే.